భూమధ్యరేఖ మీద స్వెట్టరా?

ప్రశ్న: మా అబ్బాయి ఆఫీసు పని మీద ఈక్వెడార్ వెళ్తున్నాడండీ. భూమధ్యరేఖ మీదున్న దేశం కదా, ఎండలు మండిపోతాయనుకుంటే వాడేమో స్వెట్టర్లు సర్దుకుంటున్నాడు. అవసరమేనంటారా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీవాడు తెలివైనోడేనండీ, సర్దుకోనివ్వండి. రాజధాని కీటో దాదాపు 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన అరకుకి మూడు రెట్లు. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి అక్కడ ఏడాదంతా రాత్రిళ్ళు చలే. అదే పడమర తీరంలో ఉన్న గ్వాయాకిల్‌కి దిగితే సముద్రమట్టం, ఉక్కపోత, కనుచూపుమేరా అరటితోటలు (అరటి ఎగుమతిలో ప్రపంచంలో వాళ్ళే ఫస్ట్), మధ్యలో ఆండీస్ కొండల మీద బంగాళాదుంప, మళ్ళీ తూర్పుకి దిగితే అమెజాన్ అడవి.

ఇంకో తమాషా, ఆ దేశంలో చింబొరాజో అనే మంచుకొండ 6,260 మీటర్ల పైచిలుకు, ఎవరెస్ట్ 8,849 కదా, కానీ భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది కాబట్టి భూకేంద్రం నుంచి కొలిస్తే చింబొరాజో శిఖరమే ఎక్కువ దూరం, ఎవరెస్ట్ కంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ!

అన్నట్టు అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కీటోలో నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో పెడితే కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. స్వెట్టర్ సంగతి వాడు చూసుకున్నాడుగా, చిన్న కుక్కర్ మీరు పెట్టండి. దిగగానే మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, మొదటి రెండు రోజులు నెమ్మదిగా తిరగమనండి.