ముప్పై వేలల్లో ఇంటికి సౌండ్ సిస్టమ్: సెకండ్‌హ్యాండా, కొత్తదా?

ముప్పై వేల బడ్జెట్, హాల్లో ఎక్కువగా పాటలు, రాత్రిళ్ళు ఓటీటీ సినిమాలు, కొత్త సౌండ్‌బార్ తీసుకోవాలా లేక పాత ఆంప్ (స్పీకర్లని మోగించే ఆంప్లిఫయర్ పెట్టె), స్పీకర్లు వెతుక్కోవాలా అని కదా మీరడిగింది. నన్నడిగితే స్పీకర్లు పాతవి కొనండి, ఆంప్ అయితే కొత్తదే మంచిది, సౌండ్‌బార్ మాత్రం పాతది ఊరికే ఇచ్చినా వద్దండీ.

ఎందుకంటే మామూలు స్పీకర్ పెట్టెలో మాగ్నెట్, కాయిల్, కోన్ (ముందు కదిలే గరాటు లాంటి భాగం), సన్నటి, మందపు శబ్దాల్ని విడదీసే చిన్న క్రాసోవర్ బోర్డు, అంతకుమించి పాడైపోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నా మనమే చూసి పట్టుకోవచ్చు. నేను వాడేవి కూకట్‌పల్లిలో ఒకాయన ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోతూ ఓఎల్‌ఎక్స్‌లో పెడితే తీసుకున్న వార్ఫెడేల్ కంపెనీ బుక్‌షెల్ఫ్ (చిన్న సైజు) స్పీకర్ల జత, బేరమాడితే తొమ్మిది వేలకి ఇచ్చాడు, ఆ డబ్బుకి కొత్తవాటిలో అలాంటివి రావు. వెళ్ళగానే పాట పెట్టమనకండి, ముందు గ్రిల్ తీయించి ఫోన్ టార్చ్ వేసి కోన్ చుట్టూ ఉండే రింగు చూడండి. అది ఫోమ్‌దైతే పదీ పదిహేనేళ్ళకి వేలు తగిలితే చాలు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుదైతే చాలాకాలం ఆగుతుంది. తర్వాత రెండు చేతుల వేళ్ళూ కోన్ మీద సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి, గరగరమని రాసుకుంటున్నట్టు వినిపిస్తే కాయిల్ దెబ్బతిన్నట్టే, నమస్కారం పెట్టి వచ్చేయండి. మల్టీమీటర్ ఉంటే పట్టుకెళ్ళండి, 8 ఓమ్స్ స్పీకర్‌కి అది 6 దగ్గర చూపిస్తుంది, కంగారుపడకండి అది మామూలే. ట్వీటర్ (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) సంగతి మాత్రం మీటర్‌కి దొరకదు, దాని ముందు కెపాసిటర్ అడ్డం ఉంటుంది కాబట్టి పాట పెట్టించి దాని దగ్గర చెవి పెట్టి వినాల్సిందే, రెండు పెట్టెలూ విడివిడిగా. అమ్మేవాళ్ళు ఒక్కోసారి ఇందుకు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఆంప్ దగ్గరకొస్తే లోపల కెపాసిటర్లు వేడికి ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి, అది బయటికి కనబడదు, అందుకే కొత్తది కొనమన్నాను. పాతదే చూస్తుంటే ఇవి గమనించండి. వాల్యూమ్ తిప్పితే చిరచిరలాడితే అది పెద్ద విషయం కాదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. కానీ పాట లేనప్పుడు కూడా హమ్‌మని రొద గట్టిగా వస్తుంటే, లేదా అరగంట మోగాక ఒక పక్క సౌండ్ వచ్చీరానట్టు అవుతుంటే వదిలేయండి. ఇంకోటి, దుబాయ్ నుంచి తెచ్చిన సెట్ అయితే కరెంట్ మనలాంటిదే, అమెరికాది అయితే 120 వోల్టులు, జపాన్‌ది 100, వెనక ప్లేటు మీద రాసి ఉంటుంది చదవండి. మా బాబాయ్ కొడుకు డాలస్ నుంచి మోసుకొచ్చిన రిసీవర్ ఇప్పటికీ వోల్టేజ్ తగ్గించే ఇటుకంత స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టుకునే నడుస్తోంది 😀

పాత సౌండ్‌బార్ ఎందుకొద్దంటున్నానంటే ఆంప్, బ్లూటూత్, సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే పెట్టెలో ఇరికించి ఉంటాయి, బోర్డు పోయి ఆ మోడల్ ఆగిపోయి ఉంటే స్పేర్ దొరకదు, వైర్‌లెస్ సబ్‌ఊఫర్ పెయిరింగ్ పోతే దాన్ని స్టూల్‌లా వాడుకోవాలి. సినిమాలే ముఖ్యం, వైర్లు కనబడకూడదు అంటే మాత్రం కొత్తదే వారంటీతో కొనుక్కోండి, తప్పేం లేదు.

మీకు పాటలే ఎక్కువ అన్నారు కాబట్టి నేనైతే పదీ పన్నెండు వేలల్లో పాత స్పీకర్లు, దాదాపు అంతే పెట్టి కొత్త చిన్న స్టీరియో ఆంప్ తీసుకుంటా. ఆంప్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ లేకపోతే టీవీకీ దానికీ మధ్య చిన్న డాక్ (DAC, టీవీ డిజిటల్ సౌండ్‌ని ఆంప్ తీసుకునే మామూలు సిగ్నల్‌గా మార్చేది) బాక్స్ పెడితే సరిపోతుంది, అదీ స్పీకర్ వైరూ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కలిపాక సౌండ్ రాకపోతే డాక్ పోయిందనుకోకండి, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎం (PCM) అనే ఆప్షన్‌కి మార్చండి, మామూలు డాక్‌లకి డాల్బీ అర్థం కాదు. స్పీకర్లు ఏవైనా కంటబడితే మోడల్ పేరు, రింగు ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.