టెక్ సందేహాలు: వాసన రాలేదని అలారం ప్లగ్ పీకితే ఎలా?

ప్రశ్న: వంటింట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టించాం. ఊరికే మోగుతోంది. పోయి చూస్తే వాసనేమీ ఉండదు. విసుగొచ్చి ప్లగ్ పీకేశాం. తప్పుగా మోగని మోడల్ ఏదైనా చెప్పండి. – ఒక గృహిణి, అనంతపురం

జవాబు: ఈ ఫిర్యాదు ఎన్నోసారో! మోడల్ సంగతి తర్వాతమ్మా, అలారం నిజం చెబుతోందో లేదో తేల్చడానికి మీ ముక్కును సాక్షిగా పెట్టుకున్నారు చూడండి, నా భయమంతా అక్కడే.

వంటగ్యాస్‌కు సొంత వాసన దాదాపు లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు రసాయనం కలుపుతారు. 1937లో అమెరికాలోని టెక్సాస్‌లో, న్యూ లండన్ అనే ఊరి బడిలో వాసన తెలియని సహజవాయువు పోగై పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. గ్యాస్‌కు కంపు కలిపి తీరాలని అక్కడ చట్టం వచ్చింది ఆ తర్వాతే.

ఆ కంపు గాలిలో రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. కాసేపటికి వదిలేస్తుంది కూడా. అదే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కులోని కణాల్లోకి కాల్షియం చేరి వాటి స్పందనను తగ్గిస్తుంది. మార్పు లేని వాసనను మెదడూ లెక్కచేయదు. అందుకే సన్నగా, మెల్లగా కారే గ్యాస్ ఇంట్లో ఉన్నవాళ్లకే ఆఖరున తెలుస్తుంది. కర్నూలు మార్కెట్ యార్డు పక్కన కాపురమున్నవాళ్లను కుళ్లిన ఉల్లిగడ్డల కంపు సంగతి అడగండి, ‘ఏం కంపు?’ అంటారు. అప్పుడే ఆటో దిగిన చుట్టం మాత్రం ముక్కు మూసుకుంటాడు.

గ్యాస్ నిజంగానే నిండి ఉంటే ప్లగ్ పీకినప్పుడు లేచే నిప్పురవ్వ చాలు. అలారం మోగితే ఏ స్విచ్చీ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి రండి. అక్కడినుంచి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. మెకానిక్ వచ్చి గొట్టం, రెగ్యులేటర్ చూశాకే అది తప్పుడు మోత అని తేల్చాలి.

తప్పుడు మోతలు లేవనను. చవక సెన్సర్లు శానిటైజర్‌కూ స్ప్రేలకూ, ఒక్కోసారి తిరగమాత పొగకూ కూస్తాయి. సెన్సర్ పాతబడినా, గ్యాస్ లీకైనా ఒకటే కూత పెట్టినవాడికి దండం పెట్టాలి. బిగించేవాళ్లు ఇంకా ఘనులు: సిలిండర్‌లోని వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. అలారం నేలకు అడుగెత్తులో ఉండాలి. ప్లగ్ అక్కడుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన తగిలించి పోతారు.

ఇక యాప్ ఉన్న అలారాలు. గ్యాస్ పసిగట్టే పెట్టె యాప్ నా ఫోన్‌లోని కాంటాక్టులు అడగడమేంటి? పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి, కొన్ని నెలలు తెరవని యాప్‌ను ఫోనే నిద్రపుచ్చుతుంది, నోటిఫికేషన్లు ఆగిపోతాయి. అలారం యాప్‌ను రోజూ తెరిచి చూసేదెవరు? సెట్టింగుల్లో ఆ ఒక్క యాప్‌కైనా ఈ నిద్రపుచ్చడాన్ని ఆపేయండి. నన్నడిగితే యాప్ లేనిది, పక్కింటికి వినిపించేలా అరిచేది కొనండి. వైఫై పోయినా అది అరుస్తుంది.

ప్రశ్న: ఎయిర్ ప్యూరిఫైయర్‌లో ఎప్పుడూ పచ్చలైటే. ఇంటికొచ్చినవాళ్లు మాత్రం వాసనంటున్నారు. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వచ్చినవాళ్లను నమ్మండి. చాలా ప్యూరిఫైయర్లు కొలిచేది దుమ్మును, వాసనను కాదు. వాసన కొలుస్తామనే సెన్సర్లలోనూ చాలావాటికి నిన్నమొన్నటి గాలే ప్రమాణం. ఇల్లు రోజూ కంపు కొడితే ఆ కంపే మామూలని లెక్కేసుకుని పచ్చలైటు వెలిగిస్తాయి. ఈ సంగతి డబ్బా మీద ఎవరూ రాయరు. హెపా ఫిల్టర్ దుమ్మునే పడుతుంది. వాసన పోవాలంటే యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనను పట్టే బొగ్గు కావాలి, అదీ పలుచటి నల్ల జాలీ కాదు, గుళికలు నిండుగా ఉన్నది. ఈలోపు కిటికీలు తెరవండి.