కెమెరా కొనే ముందు ట్రైపాడ్ నేర్చుకోండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫోన్‌తో వీడియోలు బాగానే తీస్తాను. ఈమధ్య ఒక వీడియో యూనిట్‌లో అసిస్టెంట్‌గా చేరాను. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా, దాని నిండా స్విచ్‌లు చూసేసరికి చేతులు ఆడలేదు. కెమెరామన్ కావాలంటే కోర్సు చేయాలా, సొంత కెమెరా కొనుక్కోవాలా?

జవాబు: కెమెరా ఇప్పుడే కొనకండి. రోజూ కెమెరా బిగించే, విప్పే అవకాశం మీకు ఇప్పటికే దొరికింది. ఆ యూనిట్‌ను వదలకండి.

స్విచ్‌లు చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఫోన్ తనంతట తాను చూసుకునే పనులే అక్కడ విడివిడిగా బయటికి కనిపిస్తాయి. లెన్స్ మీద ఫోకస్, జూమ్, ఐరిస్ (లోపలికి వచ్చే వెలుగును పెంచేది, తగ్గించేది) రింగులు. బాడీ మీద ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం), గెయిన్ (సిగ్నల్ పెంచి బొమ్మను ప్రకాశవంతం చేసేది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసేది), షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు ఎంతసేపు పడాలో చూసేది). వీటికి తోడు ఆడియో. ఈ ఎనిమిదీ చేతికి అలవాటైతే ఏ కంపెనీ కెమెరా ఇచ్చినా కాసేపట్లో దారిలో పడతారు.

మొదట ట్రైపాడ్. దీన్ని మోత పనిగా చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కెమెరా కూర్చునే పై భాగం, అంటే హెడ్, దాని కింది నాబ్ వదులు చేసి, లెవెల్ చూపే బుడగ సరిగ్గా వృత్తం మధ్యలోకి వచ్చాక బిగించాలి. బుడగ పక్కకుంటే పాన్ (కెమెరాను పక్కకు తిప్పడం) మొదట్లో బాగానే ఉంటుంది, చివరికి వచ్చేసరికి గోడలు ఒరిగిపోతాయి. తర్వాత కెమెరాను ప్లేట్ మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ బరువు సరిచూడండి. టిల్ట్ (కెమెరాను పైకీ కిందికీ వంచడం) లాక్ తీసేటప్పుడు హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయొద్దు. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పాన్ చేయండి. మొదట పది సెకన్లు, చివర పది సెకన్లు కదలకుండా ఆపాలి. ఎడిటర్‌కు కోసుకోవడానికి ఆ సెకన్లే కావాలి.

ఈ సలహాలు రాయక ముందు నేనూ కొన్నేళ్లు కెమెరా వెనకే ఉన్నాను. ఒకసారి ఇంటర్వ్యూలో ముఖం దగ్గరగా చూపించినప్పుడు కనురెప్పల వెంట్రుకలు కూడా స్పష్టంగా ఉన్నాయి. జూమ్ వెనక్కి తీసిన షాట్లన్నీ మసకే. చిన్న వ్యూఫైండర్‌లో నాకు తెలియలేదు, ఎడిటింగ్ టేబుల్ మీద బయటపడింది. ఆ పొద్దున లెన్స్ మార్చి బ్యాక్ ఫోకస్ (జూమ్ మార్చినా ఫోకస్ నిలిచేలా లెన్స్‌ను కెమెరాకు సరిచేయడం) చూసుకోలేదు. తప్పు నాదే.

లెన్స్ ఊడదీసి మార్చే ఇలాంటి భుజం కెమెరాల్లో బ్యాక్ ఫోకస్ చూసుకోవడం తప్పనిసరి. ఐరిస్ పూర్తిగా తెరవండి, వెలుగు ఎక్కువైతే ఎన్‌డీ వేయండి. దాదాపు మూడు మీటర్ల దూరంలో చార్ట్ పెట్టి, పూర్తిగా జూమ్ ఇన్ చేసి ఫోకస్ రింగుతో స్పష్టం చేయండి. పూర్తిగా జూమ్ ఔట్ చేసి, ఈసారి లెన్స్ కెమెరాకు బిగిసే చోట, మౌంట్ దగ్గరుండే బ్యాక్ ఫోకస్ రింగు తిప్పండి. రెండు చోట్లా స్పష్టత నిలిచేదాకా మళ్లీ మళ్లీ చేసి స్క్రూ బిగించండి. దీనికి ముందు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూసే ఐపీస్‌ను మీ కంటికి సరిచేసుకోవాలి, లేకపోతే ఏది మసకో మీకే తెలియదు.

మిగిలినవి త్వరగానే వస్తాయి. మనిషి ముఖం మీద పడే వెలుగులోనే తెల్ల కార్డు పట్టి వైట్ బ్యాలెన్స్ చేయండి. జీబ్రా అనే సెట్టింగ్‌ను 100 శాతం దగ్గర పెడితే తెల్లగా కాలిపోతున్న చోట చారలు కనిపిస్తాయి, అవి ముఖం మీదకు రాకూడదు. సెకనుకు 25 ఫ్రేములైతే షట్టర్ 1/50. లైట్లు మిణుకుమంటే షట్టర్‌ను కరెంటు ఫ్రీక్వెన్సీకి కలపండి: 50 హెర్ట్జ్‌కు 1/50, 60 హెర్ట్జ్‌కు 1/60. హెడ్‌ఫోన్ లేకుండా రికార్డ్ నొక్కొద్దు. కెమెరా నుంచి కరెంటు తీసుకునే కండెన్సర్ మైక్‌కు 48 వోల్టుల స్విచ్ వేయడం మరిచిపోతే సౌండే రాదు.

ఇక కోర్సు. ఆరు నెలలు యూనిట్‌లో పనిచేశాక నిర్ణయించుకోండి. చేరే ముందు ఒకే మాట అడగండి: ఒక్కో కెమెరాకు ఎంతమంది విద్యార్థులు? కెమెరా వారానికి ఎన్ని గంటలు మీ చేతిలో ఉంటుందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. స్టూడియో పని వేరని కూడా గుర్తుంచుకోండి. అక్కడ ఐరిస్, రంగులు సాధారణంగా కంట్రోల్ రూమ్‌లో ఇంజినీర్ చూసుకుంటారు. మీరు హెడ్‌సెట్‌లో డైరెక్టర్ మాట వింటూ ఫ్రేమ్, ఫోకస్ చూడాలి. ఒంటరిగా బయట షూట్ చేసేవారికి అన్నీ తమ మీదే. మీకు ఏది నచ్చుతుందో రెండూ చూశాకే చెప్పగలరు.

ఈ వారం షూట్‌కు వెళ్లినప్పుడు, బ్యాగులోంచి తీయడం దగ్గర్నుంచి మొదటి షాట్‌కు సిద్ధమయ్యేదాకా మీరే చేస్తానని సీనియర్‌ను అడగండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.