ప్రొటీన్ ఎక్కువ తింటే కిడ్నీలు పాడవుతాయా? నాకు తెలిసింది చెప్తాను

మీ బరువు 72 కిలోలు, జిమ్‌లో రోజుకు 200 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు, ఇంట్లోవాళ్లేమో కిడ్నీలు పోతాయని భయపెడుతున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా బరువులు ఎత్తుతున్నాను, ప్రొటీన్ లెక్క చూసుకునే తింటాను, ఈ భయం మా ఇంట్లోనూ ఉండేది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను ప్రొటీన్ పాడుచేస్తుందనడానికి ఇప్పటిదాకా గట్టి ఆధారం లేదు. అయితే మీ కిడ్నీలు ఆరోగ్యంగానే ఉన్నాయని మీరు ఎప్పుడైనా టెస్ట్ చేయించి చూసుకున్నారా? నేను ముందు అడిగేది అదే.

దానికంటే ముందు ఆ 200 సంగతి. మామూలు మనిషికి కిలో బరువుకి 0.8 గ్రాములు చాలంటారు, అది లోపం రాకుండా వేసిన లెక్క, కండ పెంచేవాళ్లకు సరిపోదు. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన చాలా పరిశోధనలను కలిపి 2018లో ఒక విశ్లేషణ చేశారు, అందులో సగటున కిలోకి 1.6 గ్రాములు దాటాక ఇంకా ఎక్కువ తిన్నా కండలో పెద్దగా తేడా కనిపించలేదు. మీ బరువుకి అది 115 గ్రాములు. కాస్త ఎక్కువే ఉండనీ అని కిలోకి 2 వేసుకున్నా 144. మిగిలింది కండగా మారదు. అందులోని నైట్రోజన్‌ను లివర్ యూరియాగా మార్చి కిడ్నీలకు పంపిస్తుంది, మిగతా భాగం శక్తిగా ఖర్చవుతుంది, ఖర్చు కాకపోతే కొవ్వుగా చేరుతుంది. ప్రొటీన్‌కీ గ్రాముకి 4 క్యాలరీలు ఉంటాయి, ఈ మాట జిమ్‌లో ఎవరూ చెప్పరు.

ఒకసారి నా రిపోర్టులో యూరియా, క్రియాటినిన్ రెండూ పరిమితి కంటే కొంచెం పైన వచ్చాయి, బోల్డ్ అక్షరాల్లో, పక్కన చుక్క గుర్తుతో. ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టర్‌గారు మాత్రం కాగితం పక్కన పెట్టి, నిన్న రాత్రి ఏం తిన్నారు, బలం కోసం జిమ్‌లో వాడే క్రియాటిన్ పౌడర్ వాడుతున్నారా, పొద్దున వ్యాయామం చేసి వచ్చారా అని వరుసగా అడిగారు. క్రియాటినిన్ కండ నుంచి వచ్చేదే కాబట్టి కండ ఎక్కువున్నవాళ్లకి, ముందురోజు మాంసం బాగా తిన్నవాళ్లకి, క్రియాటిన్ వాడేవాళ్లకి కిడ్నీలు బాగున్నా అది కాస్త ఎక్కువ చూపించొచ్చట. యూరియా సంగతి సరే, తిన్న ప్రొటీన్‌ను బట్టే పెరుగుతుంది. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే టెస్ట్, మూత్రంలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండాల్సిన ఒక ప్రొటీన్) పోతోందా అని చూసే టెస్ట్ రాసిచ్చారు. రెండూ నార్మల్ వచ్చాయి. నా తిండి నేను మార్చలేదు.

మా బాబాయి విషయం వేరు. ఆయనకు ఎన్నో ఏళ్లుగా బీపీ, షుగర్. బరువు తగ్గాలని ఎవరో చెప్తే అన్నీ మానేసి మాంసం, గుడ్లు, ప్రొటీన్ పౌడర్ మీద పడ్డారు. పరీక్ష చేస్తే మూత్రంలో ఆల్బుమిన్ పోతోంది, కిడ్నీ పనితనం అప్పటికే బాగా తగ్గిపోయింది. ఆ జబ్బు పౌడర్ తెచ్చింది కాదు, చాలాకాలంగా లోపల చప్పుడు లేకుండా ఉంది, కాళ్లవాపు లేదు, నొప్పి లేదు, ఏమీ లేదు. కానీ అలాగే తింటూపోతే వేగంగా ముదిరే ప్రమాదం ఉండేది. ప్రొటీన్ ఎక్కువ తిన్నప్పుడు కిడ్నీలోని వడపోత గుత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది, మంచి కిడ్నీ దాన్ని తట్టుకుంటుంది, సగం గుత్తులు పోయిన కిడ్నీలో మిగిలిన వాటి మీదే ఆ భారమంతా పడుతుంది. 1982లో బ్రెన్నర్ అనే కిడ్నీ నిపుణుడు, ఆయన సహచరులు ఈ వాదన ముందుకు తెచ్చారు, ఈ భయమంతా ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే. ఇప్పుడు కిడ్నీ జబ్బు ముదిరే అవకాశం ఉన్నవాళ్లని కిలోకి 1.3 గ్రాములు దాటొద్దంటారు, మామూలుగా 0.8 దగ్గర ఉండమంటారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి మళ్లీ ఎక్కువే కావాలి, అందుకే ఒకరి లెక్క చూసి ఇంకొకరు తినకూడదు.

ఇంకో మాట. మూత్రంలో నురగ వస్తే తిన్న ప్రొటీన్ ఎక్కువై బయటికి పోతోందని చాలామంది అనుకుంటారు. అలా పోదు. నురగ రోజూ వస్తూ, నిలిచే ఉంటోందంటే రక్తంలోని ఆల్బుమిన్ కారుతోందేమో చూపించుకోవాలి.

కిడ్నీలో రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లు, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవాళ్లు మాంసం విషయంలో జాగ్రత్తగా ఉండాలి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. ఎముకలు అరిగిపోతాయనే భయం మాత్రం పక్కన పెట్టేయండి, క్యాల్షియం సరిపడా తీసుకునేవాళ్లలో అలాంటి నష్టం కనిపించలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నేను కళ్లారా చూసిన ఇబ్బంది ప్రొటీన్ వల్ల కంటే, దాని కోసం మానేసిన తిండి వల్లే వచ్చింది. నాతో వ్యాయామం చేసే ఒక కుర్రాడు పొద్దున గుడ్డు తెల్లసొన, మధ్యాహ్నం చికెన్, రాత్రి పౌడర్, అంతే, కూరగాయ ముక్క కానీ పండు కానీ ముట్టుకునేవాడు కాదు. మలబద్ధకం, నోటి వాసన, స్క్వాట్స్ సగంలో నీరసం. 180 గ్రాముల నుంచి 120కి దిగి, పప్పుధాన్యాలు, కూరగాయలు, పండ్లు మళ్లీ మొదలుపెట్టాక కడుపు కుదుటపడింది, ఎత్తే బరువులు కూడా తగ్గలేదు.

మీరు ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి టెస్టులు చేయించుకోండి. గట్టి వ్యాయామం చేసిన వెంటనే శాంపిల్ ఇవ్వకండి, ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. బీపీ కూడా చూపించుకోండి. అన్నీ బాగుంటే 115 నుంచి 140 లోపల నిశ్చింతగా తినండి. ఆ నిష్పత్తి 30 mg/g దాటితే పౌడర్ డబ్బా పక్కన పెట్టి, మళ్లీ ఒకసారి టెస్ట్ చేయించి, ఆ రిపోర్టుతో నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టర్‌ను) కలవండి.