డిగ్రీ చదివిన అమ్మాయి టర్కీ కోళ్లు పెంచుతా అంటే ఏం చెప్పాలి?

నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. అమ్మాయి బీఎస్సీ బీజడ్‌సీ అయిపోయింది, ఊరి పక్కన ఎకరంన్నర చెలక ఉంది, అందులో టర్కీ కోళ్లు పెంచి పిల్లలు తీసి అమ్ముతా అంటోంది, అదీ ఫారాల్లో పెంచే తెల్లవి కాదు, పాత రకం రంగు పక్షులే కావాలట, ఆ జాతి నిలబెడతా అంటోంది, బీఈడీ చెయ్యమంటే వినట్లేదు, షెడ్డుకి నాలుగు లక్షలు అడుగుతోంది, ఊళ్లో అందరూ నవ్వుతున్నారు, ఇవ్వాలా వద్దా?

అన్నా, సూటిగా చెప్తా. అమ్మాయికి సరే అనండి, షెడ్డుకి మాత్రం ఇప్పుడే వద్దనండి. ఈ రెండూ వేరు వేరు విషయాలు, మీ ఇంట్లో గొడవంతా రెండూ కలిపి మాట్లాడుకోవడం వల్లే వస్తోంది అనిపిస్తోంది.

పాత రకమే కావాలి అని తను పట్టుబట్టడంలో చాలా అర్థం ఉంది. అమెరికాలో ఇప్పుడు పెద్ద కంపెనీలు పెంచేది వెడల్పు ఛాతీ తెల్ల రకం, దాన్ని మాంసం కోసం ఎంత బరువెక్కించారంటే పుంజు పెట్టను తొక్కలేదు, కృత్రిమ గర్భధారణ చేస్తేనే గుడ్లు పిల్లలవుతాయి. అక్కడ హెరిటేజ్ టర్కీ అని పిలిచేవి బ్రాంజ్, నర్రగాన్సెట్, బోర్బన్ రెడ్, రాయల్ పామ్ లాంటి పాత జాతులు. వాటికి మూడు లక్షణాలుండాలి: వాటంతట అవే జతకట్టాలి, పెట్ట అయిదు నుంచి ఏడేళ్లు, పుంజు మూడు నుంచి అయిదేళ్లు సంతానానికి పనికిరావాలి, నిదానంగా పెరగాలి అంటే మాంసం బరువుకి రావడానికి 28 వారాల దాకా పట్టాలి. మన దగ్గర ఊళ్లల్లో, ఫాంహౌసుల్లో కనిపించే నల్లవి, కంచు రంగువి అమెరికా లెక్కలో స్వచ్ఛమైన జాతి కాకపోవచ్చు కానీ వాటంతట అవే జతకడతాయి, పెట్ట పొదుగుతుంది, ఎండకి తట్టుకుంటుంది. చెన్నైలో నందనం టర్కీ-1 తయారుచేసినప్పుడు కూడా మన నల్ల నాటు టర్కీనే బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అనే చిన్న తెల్ల రకంతో కలిపారు. అంటే మన నాటు టర్కీకి విలువ ఉంది, దాన్ని ఓపికగా ఎంపిక చేసుకుంటూ పోయేవాళ్లు మాత్రం తక్కువ, ఆ పని మీ అమ్మాయి చేయగలిగితే అది నిజంగా ఒక వృత్తే.

ఇక భయపడాల్సింది ఎక్కడో చెప్తా. ఈము పక్షుల పెంపకం గుర్తుందా అన్నా? మన ఉమ్మడి రాష్ట్రంలో ఎంతమంది జతలు కొని ఫెన్సింగ్ వేయించుకున్నారు, పిల్లలు అమ్ముకుంటే చాలు అన్నారు, కొన్నవాళ్లు కూడా పిల్లలు అమ్ముకోడానికే కొన్నారు, తినేవాడు ఎక్కడా లేడు, 2012లో తమిళనాడులో ఈరోడ్ వైపు, పెంచిన పక్షుల్ని మేమే తిరిగి కొంటాం అన్న బైబ్యాక్ కంపెనీలు చేతులెత్తేసేసరికి పక్షికి దాణా పెట్టే దిక్కు కూడా లేకుండా పోయింది. టర్కీ అంత కాదు, దీని మాంసం తినేవాళ్లు ఉన్నారు, క్రిస్మస్‌కి అడిగేవాళ్లున్నారు, హైదరాబాద్‌లో హోటళ్లు ఉన్నాయి, కానీ నాటుకోడిలా ఆదివారం పొద్దున్నే షాపు ముందు లైను ఉండదు. అందుకే అమ్మాయిని పక్షులు కొనక ముందే ఒక పని చెయ్యమనండి, మాంసానికి కొనే పదిమందిని, అంటే హోటలో చర్చి వాళ్లో చికెన్ షాపు ఓనరో, కలిసి ఏ నెలలో ఎన్ని కొంటారో, ప్రాణంతో కావాలా కోసి ఇవ్వాలా, ఎంత ఇస్తారో నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మనండి. పిల్లలు కొంటామనేవాళ్లు ఆ లెక్కలోకి రారు. బైబ్యాక్ గ్యారంటీ అని ఫోన్ చేసేవాడు ఎవరైనా ఉంటే ఆ నంబర్ బ్లాక్ చెయ్యమనండి.

అది తేలాక పది పెట్టలు, మూడు పుంజులతో మొదలు. మామూలుగా అయిదు పెట్టలకి ఒక పుంజు సరిపోతుంది, మూడోది ఎందుకో కింద చెప్తా. పెట్ట ముప్పయ్యో వారం దగ్గర గుడ్లకి వస్తుంది కాబట్టి చిన్న పిల్లలు తెస్తే ఏడు నెలలు దాణా ఖర్చే తప్ప రూపాయి రాదు, అది ముందే మీరిద్దరూ కూర్చుని ఒప్పుకోవాలి. బాగా చూసుకుంటే ఏడాదికి 60 పైన గుడ్లు వస్తాయి అంటారు, నేనైతే మొదటి ఏడాది 50 మాత్రమే లెక్కేసుకోమంటా. పది పెట్టలకి 500 గుడ్లు, 28 రోజులు పొదిగాక మూడొందల పిల్లలు వచ్చినా నెల దాటేసరికి రెండొందలు మిగిలితే గొప్ప. ఇవి కాగితం మీద జాగ్రత్తగా వేసుకునే అంచనాలే, అసలు లెక్క తన చేతి మీద ఆధారపడి ఉంటుంది.

ఆ మొదటి నెలే అసలు పరీక్ష. కోడిపిల్ల గుడ్డు నుంచి వచ్చిన పూటే నేల గీరి తింటుంది, టర్కీ పిల్ల దాణా పక్కనే నిలబడి ఆకలితో చచ్చిపోతుంది, తినాలని దానికి తెలీదు. పెంచేవాళ్లు నీళ్ల గిన్నెలో రంగు గోలీలు వేస్తారు, ఆ మెరుపు చూసి ముక్కుతో పొడుస్తుంది, అలా నీళ్లు తాగడం అలవాటవుతుంది, దాణా మీద సన్నగా తరిగిన ఆకుకూర, ఉడికించిన గుడ్డు చల్లి వేలితో టకటకా తట్టాలి, ఒకటి పొడిస్తే పక్కవి నేర్చుకుంటాయి. రోజుకి పదిసార్లు చెయ్యాలి, రాత్రి బల్బు వేడి చూసుకోవాలి, తడిస్తే అయిపోయినట్టే. దాణాలో ప్రోటీన్ 28 శాతం దాకా కావాలి, బ్రాయిలర్ కోడిపిల్లలకి వేసే స్టార్టర్ దాణాలో అంత ఉండదు. దీనికి తనకి ఓపిక ఉందో లేదో ఒక్క బ్యాచ్‌తో తెలిసిపోతుంది, నాలుగు లక్షల షెడ్డు కట్టి తెలుసుకోనక్కర్లేదు.

ఇంకోటి, మీ ఇంట్లో నాటుకోళ్లు ఉన్నాయా? ఉంటే అవి తిరిగే చోట టర్కీలు వద్దు. కోళ్ల పేగుల్లో ఉండే ఒక పురుగు గుడ్లతో పాటు బ్లాక్‌హెడ్ అనే రోగం క్రిమి నేలలోకి చేరుతుంది, కోడికి పెద్దగా ఏమీ కాదు, టర్కీకి లివర్ పాడై పసుపుపచ్చ రెట్ట వేసి గుంపులు గుంపులుగా పోతాయి, ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. చెలకలో కోడి కాలు పెట్టని మూల చూసి తడకలు కట్టుకోమనండి. కొక్కెర తెగులు, మశూచి టీకాలు ఎప్పుడెప్పుడో మీ పశువుల డాక్టర్ గారినే అడిగి కాలెండర్ మీద రాసుకోవాలి.

మూడు పుంజుల సంగతి. జాతి నిలబెడతా అన్న మాట తను నిజంగా అంటోంది అంటే మందని మూడు గుంపులు చెయ్యాలి, మూడు పుంజులూ మూడు వేరే చోట్ల నుంచి రావాలి. ప్రతి గుంపులో పుట్టిన ఆడపిల్లలు తల్లి గుంపులోనే ఉంటాయి, మగవి పక్క గుంపుకి వెళ్తాయి, ఒకటో గుంపువి రెండుకి, రెండువి మూడుకి, మూడువి ఒకటికి. కాలికి రంగు రింగులు, పుస్తకంలో ఏ గుంపు, ఏ తేదీ, ఎంత బరువు, ఎన్ని గుడ్లు. ఇలా చేస్తే అన్నాచెల్లెళ్లు జతకట్టి పిల్లలు నీరసపడే బాధ చాలా ఏళ్లు రాదు. సంతలో దొరికిన జత తెచ్చి దాని పిల్లలనే మళ్లీ కలుపుకుంటూ అమ్మేవాడికీ బ్రీడర్‌కీ తేడా ఈ పుస్తకమే, బీజడ్‌సీలో చదివిన జెనెటిక్స్ పనికొచ్చేది ఇక్కడే.

చదువు మానేసినట్టు కూడా అవ్వకూడదు. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ వాళ్ల పౌల్ట్రీ ఫార్మింగ్ సర్టిఫికెట్ ఆరు నెలలది, ఇంటి దగ్గరుండే చెయ్యొచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఐకార్, అంటే కేంద్రం వ్యవసాయ పరిశోధన మండలి వాళ్ల పౌల్ట్రీ పరిశోధన సంస్థ ఉంది, వనరాజా, గ్రామప్రియ కోళ్లు వచ్చింది అక్కడి నుంచే, ట్రైనింగ్ ఎప్పుడుందో ఫోన్ చేసి అడగమనండి, మీకు దగ్గర్లో కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు షాద్‌నగర్ వైపు గుడ్లు పొదిగించే ఏదైనా హాచరీలో ఆరు నెలలు జీతానికి పనిచెయ్యమంటా, గుడ్డు ఎత్తి లైటుకి పెట్టి చూడటం, ఇంక్యుబేటర్ తేమ, రికార్డులు ఇవన్నీ చేత్తో వస్తాయి, రేపు టర్కీలు కుదరకపోయినా ఆ అనుభవంతో ఉద్యోగం ఉంటుంది.

కేంద్రం సబ్సిడీ 50 శాతం, 25 లక్షల దాకా అని ఎవరైనా చెప్పి ఉంటే, అది కనీసం 1000 పేరెంట్ కోళ్లు, అంటే పిల్లలు తీసే గుడ్ల కోసం పెంచేవి, వాటితో పాటు హాచరీ పెట్టేవాళ్లకి, మిగతా సగం లోనో సొంత డబ్బో పెట్టాలి. ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

నవ్వేవాళ్ల గురించి నేనేం చెప్పను అన్నా, మీరు తన పక్కన నిలబడితే చాలు. వానలు పోయాక రెండు నెలలు దాటిన పిల్లలు, అంటే బల్బు వేడి అక్కర్లేనివి, తెచ్చుకోమనండి, మొదటి బ్యాచ్‌కి చెలకలో తడకలు, పైన రేకు, కింద ఊక చాలు. షెడ్డు మాట రెండో ఏడాది గుడ్ల లెక్క పుస్తకం చూశాక మాట్లాడుకోండి.