గుంటూరు నుంచి విజయవాడకు ఇల్లు మారుతున్నాం, ప్యాకర్స్ వచ్చేలోపు ఏం సిద్ధం చేసుకోవాలి?

ముగ్గురు ప్యాకర్స్‌ను అడిగితే మూడు ధరలు చెప్పారనీ, ఎక్కువకూ తక్కువకూ దాదాపు రెట్టింపు తేడా ఉందనీ, ఎవరిని నమ్మాలో తెలియడం లేదనీ రాశారు. ముగ్గురూ ఫోనులోనే చెప్పారు కాబట్టి ఇప్పటికి ఎవరినీ నమ్మకండి. గుంటూరు బ్రాడీపేటలో మీది లిఫ్టు లేని రెండో అంతస్తు, విజయవాడ పటమటలో అయిదో అంతస్తు, పైగా శ్రావణంలో ముహూర్తం. ధరను తేల్చేవి ఈ మూడే. ఇవేవీ చూడకుండా "డబుల్ బెడ్‌రూమా, అయితే ఇంత" అన్నవారు లారీ వాకిట్లోకి వచ్చాక మరో మాట చెబుతారు.

నాది బదిలీల ఉద్యోగం. ఈ రెండు ఊళ్ల మధ్యే మా సామాను చాలాసార్లు అటూ ఇటూ తిరిగింది. విజయవాడ వన్‌టౌన్‌లో మా పెదనాన్నగారి ఇల్లు ఖాళీ చేసి గుంటూరు విద్యానగర్‌కు తెచ్చే పని కూడా నా మీదే పడింది. నేను చూసినంతలో గొడవల్లో సగం ప్యాకింగు దగ్గర పుట్టవు, కాగితం మీద రాయని మాటల దగ్గర పుడతాయి.

అందుకని మొదట ఇంటికి మనిషిని పంపమనండి. కుదరదంటే కనీసం వీడియో కాల్‌లో ఇల్లంతా చూడమనండి. చూపించేటప్పుడు ఏదీ దాచకండి. తక్కువ సామాను చూపిస్తే ధర తగ్గుతుందని చాలామంది అటక జోలికే పోరు. తీరా ఆ రోజు అటక మీది ఇత్తడి గంగాళాలు, మేడ మీది నీళ్ల డ్రమ్ము, బాల్కనీలోని పూలకుండీలు, మంచం కింద పెట్టెలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. వచ్చిన బండి చాలదు. అప్పుడు బేరమాడే బలం మీ చేతిలో ఉండదు. అక్కర్లేనివి వాళ్లు ఇల్లు చూడకముందే పాత సామాను కొనేవాళ్లకు ఇచ్చేయండి. పనిచేయని మిక్సీని అయిదో అంతస్తు దాకా మోయించడానికి డబ్బు కట్టడం నాకైతే అర్థం కాదు.

కొటేషన్‌లో ఇంత మొత్తం అని ఒక్క అంకె ఉంటే చాలదు. ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకు, మెట్ల మీదుగానా లిఫ్టులోనా, బండి గేటుకు ఎంత దూరంలో ఆగుతుంది, మంచాలు విప్పి అక్కడ మళ్లీ బిగించడం ఇందులోనే ఉందా, దారిలో కాజా టోల్ ఎవరు కడతారు, జీఎస్టీ కలిపిన ధరా కాదా, ఇవన్నీ రాయించండి. పెదనాన్నగారి వీధిలోకి లారీ రాదని మాకు ముందే తెలుసు. మెయిన్ రోడ్డు మీద లారీ ఆపి, అక్కడిదాకా చిన్న బండి టాటా ఏస్‌లో సామాను చేరవేసే ఖర్చు కూడా ఈ ధరలోనే అని ఒక వాక్యం రాయించుకున్నాను. ఆ రోజు సూపర్‌వైజర్ వీధి మొదట్లో నిలబడి "ఇక్కడికి బండి రాదు, అదనంగా అవుతుంది" అని మొదలుపెట్టాడు. ఫోనులో ఆ వాక్యం చూపించాను. ఆఫీసుకు ఫోను చేసుకుని, ఏస్ పిలిపించాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎండలో అరగంట వాదన, చివరికి అడిగినంత ఇవ్వడం తప్పేది కాదు.

మీ విషయంలో చూడాల్సినవి ఇంకో రెండు. బ్రాడీపేట చిరునామాలు మనకు అలవాటే కానీ, లైను, అడ్డరోడ్డు కలిపి "నాలుగు బై పద్నాలుగు" అంటే బయటి ఊరి డ్రైవరుకు ఒక్క ముక్క అర్థం కాదు. ముందురోజే లొకేషన్ పంపండి. రెండోది పటమట లిఫ్టు. అపార్ట్‌మెంట్ సంఘాన్ని అడగండి. కొన్నిచోట్ల సామానుకు లిఫ్టు వాడనివ్వరు, కొన్నిచోట్ల ఫలానా గంటల్లోనే అంటారు. మీ సోఫా, బీరువా లిఫ్టులో పడతాయో లేదో టేపు పెట్టి కొలవండి. పట్టకపోతే అయిదు అంతస్తులూ మెట్ల మీద మోయాలి. ఆ సంగతి కొటేషన్‌లోకి ఇప్పుడే ఎక్కాలి.

సంస్థ అసలుదో కాదో తేల్చుకోవడానికి ఇంటర్నెట్‌లో ఉన్న స్టార్ రేటింగులను నేను లెక్కచేయను. పేరున్న సంస్థల పేర్లనే అటూ ఇటూ మార్చి పెట్టుకున్నవాళ్లు కొల్లలు. జీఎస్టీ నంబరు అడగండి. దానిలో అంకెలూ అక్షరాలూ కలిపి 15 ఉంటాయి, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే 37తో మొదలవుతుంది. తెలంగాణది అయితే 36. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో ఉచితంగానే కనిపిస్తుంది. ఆ పేరూ, కొటేషన్ మీది పేరూ, మీరు డబ్బు పంపాల్సిన ఖాతా పేరూ మూడూ ఒకటి కాకపోతే అక్కడితో వదిలేయండి. ఇంకోమాట, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు వాడిన ఇంటి సామానుకు అక్కర్లేదు. ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి. కొత్తగా కొని పెట్టె కూడా విప్పని వస్తువుల సంగతి వేరు, వాటికి కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి.

ఇక ముహూర్తం. ఆషాఢమంతా ఆగినవాళ్లు శ్రావణం రాగానే ఒక్కసారిగా కదులుతారు. మంచిరోజు ఆదివారం కూడా అయితే మంచి పనివాళ్లు దొరకరు, దొరికినవాళ్లు ఒకే రోజు రెండు ఇళ్లు ఒప్పుకుని మీ దగ్గరికి సాయంత్రం చేరతారు. మా ఇంట్లో మేం పాటించేది ఏమిటంటే, ముహూర్తానికి మనుషులం వెళతాం, సామాను తర్వాత వస్తుంది. దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం, పాలగిన్నె, చిన్న స్టవ్, రెండు చాపలు కారులో పెట్టుకుని వెళ్లి పాలు పొంగించండి. ఆ రాత్రి అక్కడ నిద్ర చేయాలని పెద్దవాళ్లు అంటే చాపలు ఉండనే ఉన్నాయి. దూరం దాదాపు 35 కిలోమీటర్లు, తెల్లవారి వెనక్కి రావచ్చు. లారీని వారం మధ్యలో ఏ బుధవారమో గురువారమో పెట్టుకుంటే ధర తగ్గుతుంది, వచ్చేవాళ్లూ తీరికగా పనిచేస్తారు. మీ అత్తయ్యగారు ఒప్పుకుంటారా అన్న అనుమానం మీకు ఉండవచ్చు. పాలు పొంగాక గృహప్రవేశం అయిపోయినట్టే కదా అని పంతులుగారి చేతే చెప్పించండి.

శ్రావణమంటే వానలు కూడా. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిన 2024 సెప్టెంబరు మొదటి రోజులు ఆ ఏటి శ్రావణం చివరి రోజులే. కాబట్టి పైన టార్పాలిన్ కప్పే బండి కాకుండా మూసి ఉండే కంటైనర్ బండి కావాలని అడగండి. పెట్టెలు ఒక్క రాత్రికే కదా అని సెల్లార్‌లో దింపనివ్వకండి. పెద్ద బండ్లను ప్రకాశం బ్యారేజీ మీదికి అనుమతించరు, కనకదుర్గ వారధి మీదుగానే రావాలి. పటమటకు ఎలాగూ అదే దగ్గర. పొద్దున్నే గుంటూరు వదిలితే బెంజ్ సర్కిల్ రద్దీ కాస్త తప్పుతుంది.

సర్దడం వాళ్లే చేస్తారు, వాళ్ల చేతికి ఇవ్వకూడనివి ముందే పక్కన పెట్టడం మన పని. బంగారం, పత్రాలు, సర్టిఫికెట్లు, మందులు మీతోనే. బీరువా లాకరు ఖాళీ చేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ఆవకాయ జాడీలు ఇప్పుడు నిండుగా ఉంటాయి. వాటిని ఏ ప్యాకర్‌కూ ఇవ్వకండి, బబుల్ ర్యాప్ ఎంత చుట్టినా నూనె ఆగదు. కొంచెం కొంచెంగా స్టీలు డబ్బాల్లోకి తీసి, జాడీలో మిగిలినదానికి వాసెన గట్టిగా కట్టి, కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. గ్యాస్ సిలిండరు సామాను బండిలో ఎక్కించకూడదు, వాళ్లు కాదన్నా తప్పు పట్టకండి. కనెక్షన్ బదిలీ కోసం మీ ఏజెన్సీకి వారం ముందే వెళ్లండి.

ఫ్రిజ్‌ను ముందురోజే ఖాళీ చేసి, ఆపి, తలుపు తెరిచి నీళ్లు తుడవండి. బండిలో నిలువుగానే ఉండాలి. దించగానే ప్లగ్ పెట్టకుండా కొన్ని గంటలు ఆగండి. పడుకోబెట్టి తెచ్చారని తెలిస్తే ఒక రోజు ఆగడం మేలు, కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పోయి ఉంటుంది. వాషింగ్ మెషిన్ ముందు తలుపుదైతే, కొన్నప్పుడు వెనక బిగించి వచ్చిన పొడవాటి బోల్టులు వెతికి మళ్లీ బిగించాలి. లేకపోతే డ్రమ్ము ఊగి లోపల దెబ్బతింటుంది. కొత్త ఇంట్లో మెషిన్ ఆడించే ముందు వాటిని తీయడం మరిచిపోకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీని వంచకూడదు, అందులో యాసిడ్ ఉంటుంది. గ్రైండరు రాళ్లు బయటికి తీసి వేరుగా చుట్టించండి. ఏసీ విప్పే పని హమాలీలకు వదలకండి. గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగి మూయడం మెకానిక్ పని, అతన్ని ముందురోజే పిలవండి. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే, పెద్ద పెట్టె నింపితే అడుగు ఊడుతుంది. ప్రతి పెట్టె మీద ఏ గదిదో, ఎన్నో నంబరో రాసి, పాత గీతలూ సొట్టలూ కనిపించేలా ఫొటోలు తీయండి.

ఇన్సూరెన్స్ పేరుతో సామాను విలువలో కొంత శాతం బిల్లులో వేస్తారు. బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం చూపించమనండి. అది లేకపోతే ఆ డబ్బు బీమా కాదు, వాళ్ల ఆదాయం. రోడ్డు రవాణా చట్టం 2007 ప్రకారం, వస్తువుల విలువ ముందే ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే రవాణా సంస్థ చెల్లించాల్సిన నష్టపరిహారానికి పరిమితి ఉంటుంది. ఏదైనా పగిలితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు లేకుండా కోర్టుకు వెళ్లడానికి వీల్లేదు. దీనికంతటికీ ఆధారం సామాను ఎక్కించాక రవాణా సంస్థ ఇచ్చే లారీ రసీదు. బండి కదిలే ముందే ఆ రసీదూ, వస్తువుల జాబితా నకలూ చేతిలోకి తీసుకోండి, బండి నంబరు ఫొటో తీసుకోండి.

మొత్తం ముందే ఇవ్వమంటే ఒప్పుకోకండి. కొంత అడ్వాన్సు, ఎక్కించాక కొంత, మంచాలు బిగించాక మిగిలినది అని కొటేషన్‌లోనే రాయించండి. సామాను దించగానే సంతకం పెట్టమంటారు. "పెట్టెలు విప్పలేదు, పరిశీలించాల్సి ఉంది" అని పక్కన రాసి పెట్టండి, పగిలినవి కనిపిస్తే వాటినీ ఆ కాగితం మీదే రాయండి. దారిలో సామాను ఆపేసి ఎక్కువ డబ్బు అడిగితే 112కు ఫోను చేసి బండి నంబరు చెప్పండి, బిల్లు తగాదా అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇక హమాలీలకు ఎంత ఇవ్వాలని అడిగారు. అది మీ ఇష్టం. కాకపోతే బ్రాడీపేటలో మెట్లు దిగేటప్పుడు మజ్జిగ, పటమట చేరాక భోజనం మాత్రం మీ లెక్కలో ఉంచుకోండి. మిగతాది పని చూశాక సూపర్‌వైజర్ చేతికి కాకుండా వాళ్ల చేతికే ఇవ్వండి.