మీ ప్రశ్న – నా జవాబు: "లినక్స్‌కి ఇక మా ప్రోగ్రాం ఉండదు" అన్న మెయిల్ వస్తే

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. 2014లో కొన్న ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని మా అబ్బాయి అందులో విండోస్ తీసేసి లినక్స్ మింట్ ఎక్కించి ఇచ్చాడు. నాలుగేళ్లుగా హాయిగా నడుస్తోంది. పిల్లల పెళ్లి ఫొటోలు, నా వ్యాసాలు, పింఛను కాగితాలు అన్నీ ఒక ఇంటర్నెట్ నిల్వ సంస్థకు ఏడాదికోసారి డబ్బు కట్టి దాచుకుంటున్నాను. కిందటి వారం వాళ్లు ఇంగ్లీషులో మెయిల్ పంపారు, వచ్చే నెల నుంచి లినక్స్‌కి వాళ్ల ప్రోగ్రాం ఉండదని. నా ఫైళ్లు పోతాయా? ఈ డబ్బా పారేసి విండోస్‌ది కొనుక్కో తాతయ్యా అంటున్నాడు మనవడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఫైళ్లు ఇవాళ రేపట్లో పోవు. ఆగిపోయేది ప్రోగ్రాం. అంటే మీ ల్యాప్‌టాప్‌లో ఓ మూల కూర్చుని, ఫోల్డర్లో పడ్డ ప్రతి ఫైలునూ వాళ్ల గోదాముకు మోసుకెళ్లే మనిషి అనుకోండి. అతను మానేసినంత మాత్రాన గోదాములో సరుకు కదలదు. ఫైర్‌ఫాక్స్‌లో వాళ్ల సైటు తెరిచి, మీ పాస్‌వర్డు కొట్టి, అన్నీ ఉన్నాయో లేదో ఇవాళే ఒకసారి చూసుకోండి.

నేను భయపడేది వేరే దానికి. ఆ మనిషి మానేసిన సంగతి మనకు తెలియకపోవడం. మీకు మెయిల్ కంటపడింది కాబట్టి మీరు అదృష్టవంతులు. నాకు పడలేదు.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. మా నాన్నగారు కొవ్వూరు దగ్గర వ్యవసాయం చేసేవారు. ఏ రోజు నాట్లు వేశారు, ఎంతమంది కూలీలు వచ్చారు, వాన పడిందా లేదా, అన్నీ రోజూ రాత్రి డైరీలో రాసుకునేవారు. ఆయన పోయాక ఆ డైరీలు ఒక్కొక్క ఏడాదివి స్కాన్ చేసి, నేను కూడా డబ్బు కట్టి వాడుకునే ఒక నిల్వ సేవలో పెడుతూ వచ్చాను. నాదీ లినక్సే. తెర పైన మూలన చిన్న బొమ్మ, దాని మీద పచ్చ టిక్కు. అది కనిపిస్తే ఫైలు చేరినట్టే అనుకునేదాన్ని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. కింది గదిలో నడుము లోతు నీళ్లు. బల్ల కింద సీపీయూ, పక్కన అట్టపెట్టెలో డైరీలు. నీళ్లు తీశాక మా చెల్లెలి ఇంట్లో కూర్చుని ఆ సైటు తెరిస్తే, అక్కడున్న చివరి ఫైలు మే నెలది. నాలాంటి మెషీన్లకు సింక్, అంటే ఫైళ్లను దానంతట అదే చేరవేసే పని, ఆపేస్తున్నామని వాళ్లు పంపిన మెయిల్, ప్రకటనల మెయిళ్ల మధ్య తెరవకుండానే ఉండిపోయింది. టిక్కు మాత్రం అన్నాళ్లూ పచ్చగానే ఉంది.

అలా మూడు డైరీలు పోయాయి. వాటిలో 1986ది ఒకటి. ఆ ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు నాన్న గట్టు మీదే పడుకుని రాసిన పేజీలు అందులోవే. కాగితాలు ఆరబెడితే కాగితాలైతే మిగిలాయి, సిరా మిగల్లేదు. అందుకే మీ ఉత్తరం చూడగానే మిగతావి పక్కనపెట్టి ముందు మీకే జవాబు రాస్తున్నాను.

ఇక పని దగ్గరికి వద్దాం. ఆ మెయిల్ మళ్లీ నిదానంగా చదవండి, లేదా అబ్బాయికి పంపండి. ఆపేస్తున్నది లినక్స్ మొత్తానికా, లినక్స్‌లో కొన్ని రకాల డిస్కు అమరికలకేనా (డిస్కులో ఫైళ్లు పేర్చే పద్ధతులు, ఫైల్ సిస్టమ్ అంటారు) అన్నది తేలాలి. ఎందుకంటే ఇలాంటిది ఇదివరకు ఒకసారి జరిగింది. 2018 ఆగస్టులో డ్రాప్‌బాక్స్ అనే నిల్వ సంస్థ తన లినక్స్ వాడకందార్లకు కబురు పెట్టింది. నవంబరు 7 నుంచి ఈఎక్స్‌టీ4 అనే అమరిక ఉన్న డిస్కుల మీదే సింక్ నడుస్తుందని, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటివి వాడుతున్నవాళ్లకు కుదరదని. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో హోమ్ ఫోల్డరుకు తాళం వేసుకున్నవాళ్లూ బయటే. ప్రతి ఫైలుకూ చీటీ కట్టినట్టు అదనపు సమాచారం అంటించే సౌకర్యం డిస్కుకు ఉండాలి, మా ప్రోగ్రాం దాని మీదే ఆధారపడుతుంది అన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ సౌకర్యం ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఉంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఉంది. వాడేవాళ్లు ఆ మాటే పట్టుకుని అడిగారు. కొందరు తమ డిస్కులోనే ఒక పెద్ద ఫైలు సృష్టించి, దాని లోపల ఈఎక్స్‌టీ4 అమర్చి, డ్రాప్‌బాక్స్ ఫోల్డరును అందులో పెట్టుకుని గడిపారు, గిన్నెలో గిన్నె పెట్టినట్టు. 2019 జులైలో జెడ్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లను మళ్లీ చేర్చుకుంటూ డ్రాప్‌బాక్స్ బీటా, అంటే పరీక్ష కోసం ముందుగా వదిలే వెర్షన్, వచ్చింది. దాదాపు ఎనిమిది నెలలు ఆ మనుషులు తమ ఫైళ్ల కోసం తంటాలు పడ్డారు.

మీ డిస్కు ఏ రకమో చూడటం తేలికే. మింట్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, చిన్న అక్షరాల్లో డి, ఎఫ్ కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, దానికి ఆనించి పెద్ద అక్షరం టి కొట్టి ఎంటర్ నొక్కండి. పట్టిక వస్తుంది. కుడి చివర ఒంటరిగా ఏటవాలు గీత ఉన్న వరుసలో రెండో గడి చూడండి. మింట్ మామూలుగా ఎక్కించి ఉంటే అక్కడ ఈఎక్స్‌టీ4 అని ఉంటుంది. ఎక్కించేటప్పుడు హోమ్ ఫోల్డరుకు తాళం వేశాడేమో అబ్బాయిని అడగండి. మెయిల్ కొన్ని అమరికల గురించే అయితే, మీది అందులో లేకపోతే, మీకసలు ఇబ్బందే లేదు.

లినక్స్ మొత్తానికే ఆపేస్తున్నారనుకుందాం. అప్పుడు ఈ నెలలోనే ఒక టెరాబైటు బయటి డిస్కు కొనండి. ఫొటోలు, వ్యాసాలు, కాగితాలు అన్నీ అందులోకి కాపీ చేయండి. చేశాక డిస్కు ఊడదీసి, మళ్లీ పెట్టి, ఓ పది ఫైళ్లు తెరిచి చూడండి. దాన్ని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టకండి, బీరువాలో పెట్టండి. వీలైతే పై అంతస్తులో. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంది కదా, అది నడుస్తోంది కదా అనుకుంటారేమో. అది దాచేది సిస్టమ్‌ను. మీ హోమ్ ఫోల్డరును మామూలుగా వదిలేస్తుంది. దాన్ని నమ్ముకుని పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇంటర్నెట్‌లో పెట్టడం మాత్రం మానకండి. ఒక్క డిస్కుతో సరిపోదు. ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. నిల్వ సంస్థ లినక్స్‌కు ప్రోగ్రాం ఇవ్వకపోయినా, బయటి ప్రోగ్రాములు వచ్చి పోయేందుకు వాళ్లు పెట్టిన దారి గుండా ఇది ఫైళ్లు చేరవేస్తుంది. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌లతో పాటు ఇంకెన్నో సేవలకు పనిచేస్తుంది. మీ సేవ దాని జాబితాలో ఉంటే అబ్బాయి దూరం నుంచే ఒక గంటలో అమర్చగలడు. మొదటిసారి అమర్చడం మీ ఒక్కరి వల్ల కాదు, అందులో దాచేదేమీ లేదు. అమర్చాక రోజూ దానంతట అదే నడుస్తుంది. అబ్బాయి ఇంట్లో కూడా ఒక కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే సింక్‌థింగ్ అనే ప్రోగ్రాం ఇంకా మంచిది. మధ్యలో ఏ సంస్థ గోదామూ ఉండదు, మీ ఇంటి ఫోల్డరు నేరుగా వాళ్లింటి ఫోల్డరుతో కలుస్తుంది. ఏది పెట్టుకున్నా నెలకోసారి వేరే కంప్యూటర్ మీదో, ఫోన్లోనో సైటు తెరిచి, సింక్‌థింగ్ అయితే అబ్బాయి ఇంటి ఫోల్డరు తెరిపించి, కిందటి వారం పెట్టిన ఫైలు అక్కడికి చేరిందా అని మీ కళ్లతో చూడండి. నేను చేయనిది అదే.

విండోస్ సంగతి. మనవడు ప్రేమతోనే అన్నాడు, కానీ లెక్క చూద్దాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతుల ప్రకారం ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం, ఆ పైవి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. 2014 నాటి మీ ల్యాప్‌టాప్ ఆ గడప దాటదు. అంటే కొత్తదే కొనాలి. కొన్నాక ఈ బెడద తీరుతుందా? విండోస్ 7 ఒకప్పుడు ఊరంతా వాడింది. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ 110 వచ్చేసరికి దానికి కొత్త క్రోమ్ లేదు. స్కైప్ తీసుకోండి. పాత లినక్స్ స్కైప్ 2017 జులై 1తో ఆగితే లినక్స్ వాళ్లమే బాధపడ్డాం. 2025 మే 5న స్కైప్ మొత్తమే మూతపడితే విండోస్ వాళ్లూ మాతో పాటు బయటే నిలబడ్డారు. ఇవాళ ఎక్కువమంది వాడేదాన్ని రేపు కొద్దిమందే వాడతారు. మీ ల్యాప్‌టాప్ బాగా నడుస్తుంటే దాన్నే ఉంచుకోండి.

సంస్థల వైపు కష్టం నాకు తెలియక కాదు. ప్రతి సిస్టమ్‌కూ విడిగా ప్రోగ్రాం రాయాలి, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ పరీక్షించాలి, ఫోన్ చేస్తే జవాబు చెప్పే మనిషి ఉండాలి. ఇంటర్నెట్‌లో ఏ సిస్టమ్ ఎంతమంది వాడుతున్నారో లెక్కగట్టే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీద లినక్స్ వాటా ప్రపంచమంతటా కలిపి తొలిసారి 4 శాతం దాటింది 2024 ఫిబ్రవరిలోనే. నూటికి నలుగురి కోసం ఇంత ఖర్చా అని వాళ్లు ఆలోచిస్తారు. కానీ ఆ నలుగురిలో మీలాంటి మాస్టార్లున్నారు, ఏళ్ల తరబడి లినక్స్ మీదే పాఠాలు చెబుతున్న కేరళ సర్కారు బడుల పిల్లలున్నారు. డబ్బు తీసుకున్నాక సేవ ఆపేటప్పుడు ముప్ఫై రోజుల గడువు చాలదు. మెయిల్ ఒక్కటే చాలదు. ఆ ప్రోగ్రామే తెర మీదికి వచ్చి "ఇక మోయను" అని చెప్పాలి. నాకు పచ్చ టిక్కు బదులు ఎర్ర గీత కనిపించి ఉంటే 1986 డైరీ ఇవాళ నా దగ్గరుండేది.

అందుకని వాళ్లకు రాయండి. ఏడాది మొత్తానికి కట్టిన డబ్బులో మిగిలిన నెలలది తిరిగి ఇమ్మనండి. గడువు పెంచమనండి. తెలుగులో రాసినా సరే, అబ్బాయి చేత ఇంగ్లీషు చేయించండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. మెయిల్, డబ్బు కట్టిన రసీదు దగ్గర పెట్టుకుని చేయండి.

ప్రశ్న: అక్కా, మా ఊరి లైబ్రరీకి ఎవరో నాలుగు పాత చిన్న ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. 32 బిట్ అనే పాతకాలం ప్రాసెసర్లవి. లినక్స్ ఎక్కించి పిల్లలకు ఇద్దామంటే క్రోమ్ దొరకడం లేదు. ఇవి ఇక పనికిరావా?
– ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: తమ్ముడూ, 32 బిట్ లినక్స్‌కి క్రోమ్ 2016 మార్చిలోనే ఆగిపోయింది. దాని కోసం వెతకొద్దు. ఉబుంటు అనే లినక్స్ రకం కూడా 2017లో 17.10 నుంచి 32 బిట్ డెస్క్‌టాప్ ఇవ్వడం మానేసింది. డెబియన్ అనే ఇంకో లినక్స్ రకంలో 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను కూడా వీటిలో నేరుగా ఎక్కించలేవు. డెబియన్ 12 మాత్రం ఎక్కుతుంది, దానికి దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ దాకా ఉంది. ఎల్‌ఎక్స్‌డీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ పెట్టు. లిబ్రేఆఫీస్, తెలుగు టైపింగ్, పాఠాల పీడీఎఫ్‌లు, ఆఫ్‌లైన్‌లో వికీపీడియా చదువుకునే కివిక్స్, వీటికి ఆ మెషీన్లు చాలు. ఇంటర్నెట్‌లో డబ్బు వ్యవహారాలు, పరీక్షల దరఖాస్తులు మాత్రం వాటి మీద చేయించకు. బ్రౌజర్ పాతబడేకొద్దీ అవి ప్రమాదం.

ఇంకో మాట. అవి నిజంగా 32 బిట్‌వేనా చూశావా? చాలా వాటిలో ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా అప్పట్లో 32 బిట్ విండోస్ ఎక్కించి అమ్మారు. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొడితే, పై వరుసల్లోనే 32తో పాటు 64 కూడా కనిపించాలి. కనిపిస్తే నీ కష్టం సగం తీరినట్టే.

ప్రశ్న: ఒక వీడియో క్లాసుల సైటు "మీ సిస్టమ్‌కు మద్దతు లేదు" అని లోపలికే రానివ్వడం లేదు. నాది ఉబుంటు. ఇదే ఫైర్‌ఫాక్స్ మా అక్క విండోస్ కంప్యూటర్‌లో పనిచేస్తోంది. ఏం చేయాలి?
– బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: బ్రౌజర్ ఏ సైటుకు వెళ్లినా ముందు తన పేరు, తన సిస్టమ్ పేరు చెప్పుకుంటుంది. కొన్ని సైట్లు లినక్స్ అన్న పేరు వినగానే తలుపు వేసేస్తాయి. లోపల అంతా పనిచేస్తుందో లేదో చూడనే చూడవు. 2014లో నెట్‌ఫ్లిక్స్‌తో ఇదే జరిగింది. లినక్స్‌లో క్రోమ్ తన పేరు మార్చి చెబితే సినిమా చక్కగా ఆడేది. ఆ అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ ఆ పేరు తనిఖీ తీసేసింది.

ఆ చెప్పుకునే పేరునే యూజర్ ఏజెంట్ అంటారు. నువ్వూ అలాగే దాన్ని మార్చే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఒకటి పెట్టుకుని, ఆ ఒక్క సైటుకే విండోస్ అని చెప్పించు. క్లాసు నడిస్తే, మీ సైటు ఉబుంటులో పూర్తిగా పనిచేస్తోంది, తలుపు తీయండి అని వెర్షన్ నంబర్లతో సహా వాళ్లకు రాయి. నడవకపోతే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో డీఆర్‌ఎమ్ వీడియోలు (కాపీ చేసుకోకుండా తాళం వేసినవి) ఆడనివ్వమనే గడి టిక్కు పెట్టి ఉందో లేదో చూడు. ఉబుంటులో మామూలుగా అది ఖాళీగా ఉంటుంది. పరీక్షలు పెట్టే సైటైతే మాత్రం పేరు మార్చకు, ముందే కాలేజీలో చెప్పి ల్యాబ్ కంప్యూటర్ అడుగు.